నీళ్ల కింది స్టాపు

మొదటి ఫిర్యాదు ఒక డ్రైవరు నుంచి వచ్చింది. డ్రైవరంటే లైసెన్సు ఉన్న డ్రైవరు కాదు, ఎక్కడో మంచం మీద పడుకుని ఫోన్లో బస్సు నడిపే మహానుభావుడు. "అన్నా, నీ బస్సుల ఎనుక నుంచి రెండో సీట్ల ఒక ముసలవ్వ కూసున్నది. మూడు రోజుల సంది దిగుతలేదు. ఏడ దించాలె?" అని రాశాడు.

మా బామ్మర్ది ఆ మెసేజీని ఒక ఆదివారం పొద్దున మా ఇంట్లో సర్వపిండి తింటూ చదివి వినిపించాడు. నేను నవ్విన నవ్వుకు నోట్లోని ముక్క ఎగిరి తిరుగుతున్న ఫ్యాను రెక్క మీద పడింది. సిద్దిపేటలో గాల్లో అంత దూరం ప్రయాణించిన తినుబండారం ఇంకొకటి లేదని నా నమ్మకం. డ్రైవరు ఫోటో కూడా పంపాడంటూ బామ్మర్ది ఫోన్ నా వైపు తిప్పాడు.

నవ్వు ఆగిపోయింది. కిటికీ పక్క సీట్లో, ముక్కుకు రెండు వైపులా పుడకలతో, ఒళ్లో సంచి పెట్టుకుని, ముందు సీటు వీపును రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నది మా అత్తమ్మ.

అసలు అత్తమ్మ సరిగ్గా అప్పుడే మా పెరట్లో చింతపండు గింజలు తీస్తూ ఉంది. ఒక్కో గింజను ఒక్కో తిట్టుతో సాగనంపుతుంది ఆమె. ఆ తిట్లు మాకు వినబడుతూనే ఉన్నాయి. ఒకే మనిషి పెరట్లో తిడుతూ, ఫోన్లో నోరు మూసుకుని ఉండటం చూశాక నా వెన్ను మీద తేళ్ల ఊరేగింపు బయల్దేరింది, బ్యాండుమేళంతో సహా.

చుట్టరికం చెప్పకుండా ముందుకు పోలేను. అత్తమ్మ నాకు పిల్లనిచ్చిన అత్త మాత్రమే కాదు, మా నాయినకు స్వయానా చెల్లెలు. కాబట్టి అల్లుడికి దక్కాల్సిన మర్యాద నాకు పెళ్లి రోజు ఒక్క పూట దక్కి, సాయంత్రానికి ఖర్చైపోయింది. బామ్మర్ది ఆమె కొడుకు. ఇప్పుడు హైదరాబాదులో పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు గానీ, చదువైపోయిన కొత్తలో మా మేడ మీది గదిలో ఒక్కడే కూర్చుని ఒక బస్సు గేమ్ తయారుచేశాడు. సిద్దిపేట బస్టాండులో బస్సు ఎక్కి కూర్చోవాలి, మనుషుల్ని ఎక్కించుకోవాలి, ఊరూరా ఆపుకుంటూ పోవాలి. చివరి స్టాపు అత్తమ్మ వాళ్ల ఊరు. అంతే గేమ్. తుపాకులు లేవు, దయ్యాలు లేవు. అప్పటికి లేవు.

దాన్ని ఆడేది ఎక్కువగా మనవాళ్లే. దుబాయిలో, భీవండిలో పని చేసుకునేవాళ్లు డ్యూటీ దిగి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా సిద్దిపేట నుంచి ఇంటికి బస్సు నడుపుకునేవారు. ఒకాయన మా జిల్లా గుంతలు సరిగ్గా ఎక్కడున్నాయో అక్కడే పెట్టినందుకు కళ్లనీళ్లు పెట్టుకున్నానని రాశాడు. గుంతకు ఏడ్చిన మనిషిని ప్రపంచంలో ఇంకెక్కడా చూడలేం.

అందులో కండక్టరు గొంతు నాది. దేవుడు ఎనిమిది మందికి పంచాల్సిన గొంతును బద్ధకించి నా ఒక్కడిలోనే పోశాడు. బయటి చప్పుడు పడకుండా బొంత కప్పుకుని దారిలో ఉన్న స్టాపుల పేర్లన్నీ అరిచాను. ఆ వారం పక్కింటి బర్రె పాలివ్వలేదు. వాళ్లు ఇప్పటికీ మాతో సరిగ్గా మాట్లాడరు.

కొలతలకు కూడా నేనే వెళ్లాను. టేపు ఒక చివర బామ్మర్ది, రెండో చివర నేను. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ ఆ ఊళ్లోనే గడిపాను కాబట్టి ఏ గోడ ఎంత ఎత్తో టేపు లేకుండానే నా మోకాళ్లు చెప్పగలవు. కొలత ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? తెలివైనవాడైతే సిద్దిపేట బస్టాండును సున్నా అనుకుని అక్కణ్నుంచి అన్నీ లెక్కేసేవాడు. మావాడు బొడ్రాయిని సున్నా చేశాడు. మా వైపు ప్రతి ఊరికీ నడిమధ్యలో ఒక రాయి పాతి ఉంటుంది, ఊరికి బొడ్డు అన్నమాట. ఆ ఊళ్లో ఎవరిని ఎవరి ఇల్లు అడిగినా బొడ్రాయికి ఇటు మూడో ఇల్లు, అటు ఐదో ఇల్లు అని చెబుతారు. వాడు పుట్టి పెరిగిన లెక్క అది. ఇంకో లెక్క ఉంటుందని వాడికి తోచలేదు. దాంతో ఆ గేమ్‌లో ఇళ్లు, రోడ్లు, దారిలోని కొమురవెల్లి గుడి కమాను, ఎక్కడో దూరాన ఉన్న సిద్దిపేట బస్టాండు, అన్నీ కోమటి కొట్టు ముందు తాడుకు వేలాడే అరటిగెలల్లాగా ఆ ఒక్క రాయికే వేలాడాయి.

ప్రయాణికుల కోసం ఐదుగురి ఫోటోలు తీశాడు. అందులో అత్తమ్మ ఒకతి. కూతురి పట్టుచీర కట్టుకుని, పుడకలు చింతపండుతో తోమించుకుని, ఒక పూటంతా కుర్చీలో కదలకుండా కూర్చుంది. వాడు చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీస్తుంటే అడిగింది: "గింతకూ నన్ను బస్సుల ఏడికి తోల్కపోతవ్ బిడ్డా?"

"మన ఊరికేనే అవ్వా."

"ఊర్లనే ఉన్న గదరా! ఉన్న ఊరికి ఎందుకు తోల్కపోతవ్?"

ఆ ప్రశ్నకు అప్పట్లో మేమిద్దరం నవ్వాం.

ఆ తర్వాత ఊరు రిజర్వాయరు కిందికి పోయింది. దీన్ని ఎంత పెంచి చెబుదామన్నా నాకు చేతకాలేదు. ఊళ్లోవాళ్లందరికీ వేరే చోట సర్కారు కాలనీ వచ్చింది. ఇళ్లు ఖాళీ చేశారు, నీళ్లు వదిలారు, నిండింది.

గేమ్ ఆడేవాళ్లు ఊరుకుంటారా? 'అక్కడిప్పుడు నీళ్లున్నయ్, నీ గేమ్ల ఇంకా ఊరే ఉన్నది, మార్చు' అని ఒకటే పోరు. బామ్మర్ది మార్చాడు. ఊరి మీద నీలంరంగు పరదా ఒకటి అడ్డంగా పరిచి, దాన్ని అలల్లాగా కదిలేట్టు చేశాడు. రోడ్డును కట్ట మీదికి తిప్పాడు. స్టాపుల జాబితాలోంచి ఊరి పేరు కొట్టేశాడు. చూసేవాళ్లకు అచ్చం రిజర్వాయరే. కానీ పరదా కింద ఊరు ఊరులాగే ఉంది. ఒక్క ఇటుక తీయలేదు.

"తీసెయ్యొచ్చు గదరా, బరువు తగ్గుతది గద ఫైలు?" అని అడిగాను.

"తీసిన బావా. ఏమైందో చూడు" అని కంప్యూటర్ తెరిచి చూపించాడు. బొడ్రాయిని తీయగానే దానికి వేలాడేవన్నీ తెగిపోయాయి. సిద్దిపేట బస్టాండు తలకిందులై పైకి లేచిపోయింది. కొమురవెల్లి కమాను ఆకాశంలో చెవి కమ్మలా వేలాడింది. బస్సులు అడుగు లేని చోటికి పడిపోతూనే ఉన్నాయి, డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. మావాడు గబగబా అంతా వెనక్కి తిప్పేశాడు.

నాకప్పుడే తెలిసింది, ఇది మావాడొక్కడి రోగం కాదట. ప్రపంచంలో పెద్దపెద్ద గేముల్లో కూడా ఇలా మిగిలిపోయినవి కుప్పలుగా ఉంటాయట. గోడ వెనక తలుపు లేని గదులు, ఎవరి చేతికీ దొరకని కత్తులు, సగం కట్టి వదిలేసిన వీధులు, రికార్డు చేసి ఎన్నడూ వినిపించని మాటలు. ఆటగాళ్లలో కొందరికి వాటిని తవ్వి తీయడమే పని. తయారుచేసినవాళ్లు వాటిని ఊడ్చి పారేయకుండా ఎందుకు ఉంచుతారన్నది నా అనుమానం.

బామ్మర్ది నన్నే ఎదురు అడిగాడు. "మీ హాల్ల మూలకున్న స్విచ్చి దేనిది బావా?"

"తెల్వది. ఇల్లు కొన్నప్పటి సంది ఉన్నది. ఏసినా ఏం కాదు, ఆపినా ఏం కాదు."

"మరెందుకు పీకెయ్యవు?"

"పీకితె ఏది బందైతదో ఏమో."

"గంతే" అన్నాడు. "సగం భయం. సగం టైం ఉండది. పైన కప్పేసినంక ఎవలు చూస్తరు?"

సగానికి సగం కలిస్తే లెక్క సరిపోవాలి. కానీ ఆ మాట అన్నప్పుడు వాడు నా ముఖం వైపు చూడలేదు. ఇంకో సగం ఎక్కడో ఉందని, ఆ మూడో సగం నోటితో చెప్పేది కాదని నాకు అనుమానం.

ఇక దిగని ముసలమ్మ సంగతి. సర్వపిండి అయిపోయాక వాడు కూర్చుని కారణం పట్టాడు. బస్సు ఆగే చోట్లకు ఒక జాబితా, ఎక్కే మనుషులకు టికెట్లు కొట్టడానికి ఇంకో జాబితా. మొదటి దాంట్లో ఊరి పేరు కొట్టేశాడు, రెండో దాంట్లో మరిచిపోయాడు. మొన్నమొన్నటి దాకా టికెట్టు ఉన్నా లేకున్నా కట్ట మీద అందరినీ దింపేసే ఏర్పాటు ఒకటి ఉండేదట. కిందటి వారం అప్‌డేట్‌లో అది పనికిరానిదనుకుని తీసేశాడు. ఇప్పుడు ఆ ఊరికి టికెట్టు పుడుతుంది, మనిషి ఎక్కుతుంది, స్టాపు ఉండదు కాబట్టి కూర్చునే ఉంటుంది.

"ఒక్క పేరు కొట్టేస్తె అయిపోతది. పొద్దుమూకెటాళ్లకు చేస్త" అని వాడు స్నానానికి లేచాడు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని బస్సు నడిపాను. నా డ్రైవింగు గురించి నేను చెప్పుకోకూడదు గానీ మొదటి అరగంటలో రెండు కరెంటు స్తంభాలు, ఒక టిఫిన్ సెంటరు నేలమట్టం చేశాను. ఒక ట్రిప్పు, రెండు ట్రిప్పులు, ఐదు ట్రిప్పులు. వాడు ఫోటోలు తీసింది ఐదుగురినే కాబట్టి అవే ముఖాలు మళ్లీ మళ్లీ ఎక్కుతాయి. మిగతా ఊళ్లవాళ్లు దిగిపోతున్నారు. ఆ ఊరి టికెట్టును వాడు అత్తమ్మ ముఖానికే కట్టాడు కాబట్టి ఆమె మిగిలిపోతోంది. మధ్యాహ్నానికి వెనక్కి తిరిగి చూస్తే బస్సులో ఏడుగురు అత్తమ్మలున్నారు.

ఒక్క అత్తమ్మకే నేను పద్దెనిమిదేళ్లుగా ఇంట్లో గట్టిగా తుమ్మి ఎరుగను. ఏడుగురు, అదే పట్టుచీర, అవే పుడకలు, ఒళ్లో అదే సంచి, అందరూ ముందు సీట్ల వీపులను చూస్తూ. బస్సు కట్ట మీదికి వచ్చింది. ఒక పక్క నీలంగా అలలు. అప్పుడు నా వెనక నుంచి, కాదు, స్పీకరు లోంచి, నా గొంతే అరిచింది. నేను బొంత కింద అరిచిన ఆ ఊరి పేరు. "ఊరొచ్చింది! దిగెటోళ్లు దిగున్రి, జల్ది జల్ది!"

దాన్ని తీసేయడం కూడా వాడు మరిచిపోయాడు. ఏడుగురు అత్తమ్మలూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. సంచులు చంకన పెట్టుకున్నారు. తలుపు తెరుచుకోలేదు. బస్సు ఆగలేదు. కొంచెం దూరం పోయాక ఏడుగురూ ఒక్కసారే కూర్చున్నారు.

నేను అబద్ధాలు రాసి బతికేవాణ్ని, నా మాట మీద నాకే నమ్మకం తక్కువ. అయినా చెబుతున్నాను, మిట్టమధ్యాహ్నం, ఎండలో, నా చేతి మీది వెంట్రుకలు ముళ్లకంపలా లేచాయి.

"గది నేనే గదా?"

వెనక నిజం అత్తమ్మ నిలబడి ఉంది. చేతుల నిండా చింతపండు. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"నువ్వే అత్తా. పాత గేమ్ల ఏదో గడబిడైంది. నీ కొడుకు బాగు చేస్తడు."

"అందరు ఎందుకు లేసిన్రు?"

"దిగెటందుకు."

"మరి దింపవేందిరా?"

నేను బ్రేకు మీట నొక్కి బస్సును కట్ట మీదే ఆపేశాను.

ఆమె ఎందుకు అడిగిందో నాకు తెలుసు. అత్తమ్మ అందరిలాగా ఊరికి చెప్పి విడిచి రాలేదు. ఊరు ఖాళీ చేసే వారం ఆమె కంటి ఆపరేషను కోసం దవాఖానలో ఉంది. ఇంకా పది రోజులు టైముందని అందరూ అనుకున్నారు, లేదు. కంటికి పట్టీ కట్టినప్పుడు ఊరుంది, పట్టీ విప్పేసరికి సామానుతో సహా కాలనీకి వచ్చేసి ఉంది. మిగతావాళ్లంతా వచ్చేముందు బొడ్రాయి దగ్గర దీపం పెట్టి, మొక్కి, ఏడ్చి, బండ్లెక్కారు. ఆమెకు ఆ పూట దక్కలేదు. ఇప్పుడు ఇన్నేళ్లకు కాలనీవాళ్లు సొంతంగా బొడ్రాయి పాతుతున్నారు. ఇంకో తొమ్మిది రోజుల్లో ప్రతిష్ఠ. ఆడవాళ్లంతా బిందెలతో నీళ్లు తెచ్చి రాయికి పోస్తారు, మొదటి బిందె అందరికంటే పెద్ద ముత్తైదువ పోయాలి. కాలనీలో ఆ పెద్ద ఈమే. మామ ఇంకా గట్టిగానే ఉన్నాడు, ఆయన దగ్గు కాలనీ మొత్తానికి వినిపిస్తుంది. పెద్దమనుషులు ఒక ఆటో నిండా వచ్చి అడిగితే అత్తమ్మ నేను రాను అని చెప్పి, కోపం తెచ్చుకుని మా ఇంటికి వచ్చి కూర్చుంది. అడిగితే ఒకటే మాట: "పాతదానికి చెప్పకుంట కొత్తదానికి నీళ్లెట్ల పోస్త?" ఆమె పోయకపోతే కాలనీలో ఏమీ ఆగదు, ఇంకొకరు పోస్తారు. ఆమె మాత్రం బతికున్నన్నాళ్లూ ఆ కాలనీలో చుట్టంలాగే ఉండిపోతుంది.

బామ్మర్ది తల తుడుచుకుంటూ వచ్చాడు. స్క్రీన్ మీద ఏడుగురు తల్లుల్ని, పక్కన ఎనిమిదో తల్లిని చూసి గతుక్కుమన్నాడు.

"ఇప్పుడే తీసేస్త అవ్వా, ఒక్క నిమిషం పని."

"తీసుడేంది? నేనేం చెత్తనా తీసేసెటందుకు?" అంది అత్తమ్మ. "దింపు. టికెట్ తీసుకున్నోళ్లను ఊర్ల దింపాలె గద."

"ఊరు లేదు గదనే."

"గా నీలం బట్ట కింద ఉన్నదని నువ్వే మొన్న మీ అక్కకు చెప్పుతుంటె ఇన్న. కన్ను మసకైంది గానీ చెవులు పోలే."

వాడు నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. చివరికి వాడు కూర్చున్నాడు. కొట్టేసిన స్టాపును మళ్లీ రాశాడు, కట్ట మీద పాత రోడ్డు కలిసే చోట అడ్డం తీశాడు, నీలం పరదాకు బస్సు పట్టేంత దారి చేశాడు. గంటన్నర పట్టింది. అత్తమ్మ పక్క కుర్చీలోంచి కదల్లేదు. నా భార్య చాయ్ పెట్టుకొచ్చి, తను కూడా గోడకు ఆనుకుని నిలబడింది.

స్టీరింగు నాకిచ్చారు. కట్ట మీద పక్కకు తిప్పాను. బస్సు ముందు అద్దం నీలంలోకి దిగింది, పైకప్పు దిగింది, అల మా మీద మూసుకుంది.

కింద చప్పుడు ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఊరు ఊరంతా నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. ఎప్పుడో వాడు రికార్డు చేసిన పిండిగిర్ని టకటకలాడుతూనే ఉంది. ఎక్కడో కోడి కూస్తూనే ఉంది. ఒక కోడిపుంజు గోడకు ఎదురుగా నడుస్తూ, గోడ అడ్డం ఉన్నా ఆగకుండా, ఉన్న చోటే నడుస్తూ ఉంది. ఎన్నేళ్లుగా నడుస్తోందో. వెలుతురంతా పరదాలోంచి వడగట్టినట్టు నీలంగా పడుతోంది. మేం గోడ గోడకూ టేపు పట్టి కొలిచిన ఇళ్లు. ఏ గోడ మీద నుంచి దూకి నా మోకాలు పగిలిందో ఆ గోడ.

"ఎడమకు తిప్పు. ఎడమకు! నీకు చిన్నప్పటి సంది ఎడమ కుడి తెల్వది" అంది అత్తమ్మ. తిప్పాను. ఆమె ఇల్లు. "ఆపు. తలుపు తియ్యున్రి."

"లోపల ఏం లేదే అవ్వా" అన్నాడు వాడు నెమ్మదిగా. "ముందటి గోడే చేసిన. ఎనుకంతా ఖాళీ."

అత్తమ్మ కాసేపు చూసింది. "నయమే. ఊడ్చే పని లేదు" అంది. నా భార్య నవ్వబోయి మూతి మూసుకుంది.

చక్రం నాలుగు సార్లు తిరిగేంత దూరంలో బొడ్రాయి. పసుపు, కుంకుమ, మెడలో పూలదండ, ఏదీ వాడలేదు. నా గొంతు మళ్లీ అరిచింది, దిగెటోళ్లు దిగున్రి అని. ఈసారి తలుపు తెరుచుకుంది. ఏడుగురు అత్తమ్మలూ ఒకరి వెనక ఒకరు దిగారు. దిగాక ఏం చేయాలో వాడు ఎప్పుడూ రాయలేదు, కాబట్టి ఏమీ చేయలేదు. రాయి చుట్టూ అలా నిలబడ్డారు.

అత్తమ్మ స్క్రీన్‌కు ముక్కు ఆనేంత దగ్గరకు వంగింది. "రాయి చుట్టు నల్లగ ఉన్నదేందిరా? తడా?"

"నేను గీడ నేల ఫోటో తీసినప్పుడు బొడ్రాయి పండుగనే. మీరంత బిందెలు గుమ్మరిచ్చినంక తీసిన. గదే అతికిచ్చిన."

"అంటె గివి మేం పోసిన నీళ్లా?"

"ఆఁ."

"ఇంకా ఆరలేదా?"

"ఆరవే అవ్వా. ఫోటో గద."

ఆమె చేయి చాపి తడి మీద వేలు పెట్టింది, అద్దం మీద. తీసి వేలిని చూసుకుంది. నేనూ చూశాను. ముందే చెప్పాను నేను పుట్టు అబద్ధీకుణ్నని. ఆ వేలు తడిగా ఉంది. చింతపండు అయి ఉండొచ్చు. నేను పందెం మాత్రం కాయను.

"ఆపరేషనుకు పోయెటప్పుడు నీకు చెప్పకపోతి" అంది అత్తమ్మ, మాతో కాదు. "పది దినాలల్ల వస్త గద అనుకున్న." పిండిగిర్ని కొట్టుకుంటూనే ఉంది. మా ఇళ్లల్లో గడప దాటేవాళ్లెవరూ పోతున్నానని అనరు, పోయొస్తానంటారు, మార్కెటుకైనా సరే. ఆమె నోరు ఆ మాటకు అలవాటుగా తిరిగింది, సగంలో ఆగింది. తిరిగి రాననే సంగతి ఆమెకు తెలుసు, రాయికి అబద్ధం చెప్పడం ఇష్టం లేదు.

"పోతున్న" అంది.

"గట్లనకే అవ్వా!" అని నా భార్య ముందుకొచ్చింది.

"ఉండవే. ఒక్కసారి నిజం చెప్పనియ్యి."

కొంగుతో కళ్లు తుడుచుకోలేదు, స్క్రీన్ మీద చింతపండు మరక తుడిచింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "గిప్పుడు వీళ్లను తీసేస్తవా?"

"పేరు కొట్టేస్తె ఇగ ఎవరు ఎక్కరు. దిగినోళ్లను తీసేస్త. బస్సు మళ్ల కట్ట మీదికెళ్లి పోతది."

"ఆరుగురిని తియ్యి. ఒక్కదాన్ని ఉండనియ్యి. రాయి ఒక్కతే ఉన్నది."

"ఎవలకు కనబడదు అవ్వా. పైన మూసేస్త గద."

"ఎవలకు కనబడాలని చెప్పిన్నా?"

వాడు ఆరుగురిని తీశాడు. మిగిలిన ఒక్కతెను రాయి పక్కన అరుగు మీద కూర్చోబెట్టాడు. ఆమెకు మొదటిసారి ముందు సీటు వీపు కాకుండా చూడటానికి ఇంకోటి దొరికింది. బస్సును పైకి తెచ్చి నీలం పరదా మూశాడు. ఆ సాయంత్రం అప్‌డేట్ పంపుతూ, ప్రయాణికులు దిగని సమస్య పరిష్కరించాం అని ఒక్క ముక్క రాశాడు. ఎందుకు ఉంచుతారన్న నా అనుమానానికి అందులో జవాబు లేదు. కానీ వాడు కంప్యూటర్ ఆపి లేచేటప్పుడు నా ముఖం వైపు చూశాడు, నేను ఇంకోసారి అడగలేదు.

నా గొంతు అక్కడే ఉందా అని మాత్రం అడిగాను. ఉందట. దాన్ని కదిలిస్తే వేరే ఏవో పోతాయట.

తొమ్మిదో రోజు పొద్దున కాలనీకి పోయాం. వీధులన్నీ గీతలు గీసినట్టు ఒకేలా ఉంటాయి అక్కడ, ఎన్నిసార్లు పోయినా నేను ఇంకొకరి ఇంట్లో దూరి వాళ్ల చాయ్ తాగి వస్తాను. నడిమధ్య సిమెంటు గద్దె మీద కొత్త రాయి. డప్పులు, జనం, ఎండ. మామ ముందు వరుసలో ఇస్త్రీ చొక్కాతో దగ్గుతూ నిలబడ్డాడు. పెద్దమనుషులు ఆమెను చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన ధైర్యం చేసి "వస్తివా అక్కా?" అన్నాడు.

"రాకపోతె నీ పెండ్లాం పోస్తదా? బిందె లేవట్టలేదు ఆమె" అంది అత్తమ్మ.

నిండు బిందె ఎత్తింది. ఎనిమిది ఊళ్లకు సరిపడే నీళ్లుంటాయందులో, నేను ప్రమాణం చేస్తాను. పోసింది. పంతులు పంచె మోకాళ్ల దాకా తడిసింది, డప్పు కొట్టేవాళ్లు ఎగిరి వెనక్కి జరిగారు. ఆమె వెనక మిగతా ఆడవాళ్లంతా పోశారు. మంత్రాలు అయిపోయాయి, అందరూ భోజనాల వైపు నడిచారు. అత్తమ్మ కదల్లేదు. గద్దె చుట్టూ నల్లగా ఉన్న తడిని చూస్తూ నిలబడింది. నా భార్య చేయి పట్టుకుని లాగితే వదిలించుకుంది. ఏమైనా అవుతుందేమోనని నేను పక్కనే నిలబడ్డాను.

ఎండ చుర్రుమంటోంది. తడి అంచుల నుంచి మొదలై లోపలికి తెల్లబడుతూ పోయింది. సిమెంటు మీద ఆఖరి మరక అరచేయంత అయింది, గోరంత అయింది, పోయింది. అత్తమ్మ వంగి అరచేత్తో తడిమి చూసింది.

"ఆరింది" అంది. "పోదాం పా. గా మటన్ అంత నీ మామే తినేస్తడు."